ఊపిరి బిగబట్టడం నేర్చుకోండి, కానీ జలపాతం కింద కాదు: అరకు నుంచి ఫ్రీడైవింగ్ పాఠం

(వీడియో ఎపిసోడ్‌కి పూర్తి ట్రాన్‌స్క్రిప్ట్. మాట్లాడిన తీరు అలాగే ఉంచి, చదవడానికి వీలుగా అక్కడక్కడ సర్దాం.)

నా వెనకాల వినిపిస్తున్న శబ్దం ఏసీ కాదు, నీళ్ళు. నేనిప్పుడు డుంబ్రిగూడ మండలం చాపరాయి దగ్గర కూర్చుని ఉన్నా. పేరు చూడండి ఎంత బాగుందో. చాప పరిచినట్టు వెడల్పుగా ఉన్న రాయి, దాని మీద నుంచి జారుకుంటూ పోయే వాగు. ఆదివారం అయితే ఇక్కడ నిలబడటానికి చోటుండదు. ఈరోజు మంగళవారం కాబట్టి నేను, నా కెమెరా, రెండు మేకలు.

పోయినసారి ఇక్కడికి వచ్చినప్పుడు ఈ పక్క ఊరి కుర్రాడు ఒకడు పరిచయమయ్యాడు. ఇంటర్ అయిపోయింది, మంచి ఈతగాడు. ఫోన్‌లో ఫ్రీడైవింగ్ రీల్స్ చూస్తూ ఉంటాడు. నన్నడిగాడు: "అన్నా, నేను రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టగలను. ఇక్కడ మడుగుల్లో రోజూ ప్రాక్టీస్ చేస్తే నేను కూడా వాళ్ళలాగా ముప్ఫై మీటర్లు దిగగలనా?"

అప్పుడు నేను తడుముకున్నాను. ఎందుకంటే జవాబు "అవును" కూడా, "వద్దు" కూడా. ఈ ఎపిసోడ్ ఆ తమ్ముడికి నేను ఆరోజు సరిగ్గా చెప్పలేకపోయిన జవాబు.

ముందుగా నా సంగతి

ఈ టాపిక్ మీద మాట్లాడే అర్హత నాకు రికార్డుల వల్ల రాలేదు. ఒక తప్పు వల్ల వచ్చింది. బీటెక్ అయ్యాక బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న రోజులు. మేమున్న అపార్ట్‌మెంట్‌లో 25 మీటర్ల స్విమ్మింగ్ పూల్ ఉండేది. ఒక శనివారం నా రూమ్మేట్‌తో పందెం కట్టాను, నీళ్ళ లోపలే ఉండి రెండు లెంగ్త్‌లు కొడతానని. ఎక్కడో చూశాను కదా అని, దిగే ముందు ఒక ముప్ఫై సార్లు గబగబా పెద్ద పెద్ద ఊపిర్లు తీశాను. తల కొంచెం తేలికగా అనిపించింది. సూపర్ అనుకున్నా.

మొదటి గోడ ముట్టుకుని తిరగడం గుర్తుంది. అప్పటికి నాకు ఊపిరి కావాలనే అనిపించలేదు. చాలా హాయిగా ఉంది. తర్వాత గుర్తున్నది ఆకాశం. మధ్యలో ఏమీ లేదు. నొప్పి లేదు, భయం లేదు, కొట్టుకోవడం లేదు. సినిమా మధ్యలో రీలు కట్ చేసినట్టు. వాడు గట్టు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడట, ఏదో అనుమానం వచ్చి తలెత్తితే నేను బోర్లా పడి కదలకుండా ఉన్నానట. వాడు ఇంకో రీల్ చూసి ఉంటే ఈ ఛానల్ ఉండేది కాదు.

ఆ తర్వాత నెలల పాటు నన్ను తొలిచిన ప్రశ్న ఒక్కటే. నాకు ఊపిరి ఆడనట్టు ఎందుకు అనిపించలేదు?

అలారం వేరు, బ్యాటరీ వేరు

మనకి ఊపిరి తీసుకోవాలని తహతహ పుట్టేది ఆక్సిజన్ తగ్గడం వల్ల అనుకుంటాం. ముఖ్యంగా అది కాదు. ఒంట్లో కార్బన్ డై ఆక్సైడ్ పెరగడం వల్ల. అది పెరిగేకొద్దీ మెదడు "ఊపిరి తీయి, ఊపిరి తీయి" అని గోల పెడుతుంది. పొట్ట పైన డయాఫ్రమ్ ఎక్కిళ్ళు వచ్చినట్టు ఎగిరెగిరి పడుతుంది. వీటినే కాంట్రాక్షన్స్ అంటారు.

ఫోన్ భాషలో చెప్తా. ఆక్సిజన్ మీ బ్యాటరీ. కార్బన్ డై ఆక్సైడ్ లో-బ్యాటరీ అలర్ట్. మామూలుగా కూర్చున్నప్పుడే మన రక్తంలో హిమోగ్లోబిన్ 97, 98 శాతం ఆక్సిజన్‌తో నిండి ఉంటుంది. అంటే బ్యాటరీ ఆల్రెడీ ఫుల్. గబగబా ముప్ఫై ఊపిర్లు తీస్తే బ్యాటరీ పెద్దగా పెరగదు. కానీ కార్బన్ డై ఆక్సైడ్ మాత్రం బాగా బయటికి పోతుంది. అంటే నేను ఛార్జింగ్ పెట్టలేదు, అలర్ట్ మ్యూట్ చేశానంతే. బ్యాటరీ సున్నాకి వచ్చేదాకా అలర్ట్ రాలేదు. ఫోన్ స్విచ్చాఫ్. దీన్నే హైపర్‌వెంటిలేషన్ అంటారు, ఇలా నీళ్ళలో స్పృహ తప్పడాన్ని బ్లాకవుట్ అంటారు.

ఇది ఈత రానివాళ్ళకి వచ్చే ప్రమాదం కాదు. బాగా ఈత వచ్చినవాళ్ళకి, ఫిట్‌గా ఉన్నవాళ్ళకి, పందెం గెలవాలనుకునేవాళ్ళకి వచ్చే ప్రమాదం. మనలాంటి వాళ్ళకన్నమాట.

లోతుకి వెళ్తే లెక్క ఇంకా మారుతుంది

సముద్రంలో ప్రతి 10 మీటర్లకీ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. పైన 1 ఉంటే 10 మీటర్ల దగ్గర 2, 20 దగ్గర 3. పీడనం రెట్టింపైతే ఊపిరితిత్తుల్లో గాలి సగానికి నలుగుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో బాయిల్ నియమం చదివాం కదా, ఇదే అది. పరీక్ష అయ్యాక మర్చిపోయాం, నీళ్ళు మాత్రం మర్చిపోవు.

ఇప్పుడు అసలు మెలిక. మీరు 10 మీటర్ల లోతులో ఉన్నారు. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ వాడుకుని వాడుకుని 6 శాతానికి పడిపోయింది అనుకోండి. అక్కడ పీడనం రెండు రెట్లు కాబట్టి ఒంటికి అది 12 శాతం ఉన్నట్టే పనిచేస్తుంది. మెలకువగానే ఉంటారు, బాగానే ఉందనిపిస్తుంది. సరే చాలు అని పైకి బయల్దేరతారు. పైకొచ్చేకొద్దీ పీడనం తగ్గుతుంది, ఆ 12 కాస్తా మళ్ళీ 6 అయిపోతుంది. ఆ 6 తో మెదడు పనిచేయదు. అందుకే ఫ్రీడైవింగ్‌లో బ్లాకవుట్లు ఎక్కువగా అట్టడుగున రావు. పైకొస్తుండగా ఆఖరి 10 మీటర్లలో వస్తాయి, ఒక్కోసారి తల బయటపెట్టి మొదటి ఊపిరి తీసుకున్న తర్వాత కూడా వస్తాయి. ఒడ్డు కనిపిస్తుండగానే.

ఒళ్ళు మనకి చేసే సాయం

ఇంత భయపెట్టాక ఒక మంచి మాట. మన ఒంట్లో పుట్టుకతోనే ఒక డైవింగ్ మోడ్ ఉంది. ఊపిరి బిగబట్టి ముఖం చల్లటి నీళ్ళలో పెట్టగానే అది ఆన్ అవుతుంది. గుండె వేగం తగ్గుతుంది. చేతులు, కాళ్ళకి వెళ్ళే రక్తం తగ్గి గుండెకీ మెదడుకీ ఎక్కువ మిగులుతుంది. ప్లీహం, అంటే స్ప్లీన్, ముడుచుకుని తనలో దాచుకున్న ఎర్ర రక్తకణాల్ని బయటికి వదులుతుంది. పవర్ సేవింగ్ మోడ్, పైగా చిన్న పవర్ బ్యాంక్.

ఆగ్నేయాసియాలో బజావు అని సముద్రం మీదే తరతరాలుగా బతికే జనం ఉన్నారు. 2018లో వచ్చిన ఒక పరిశోధనలో వాళ్ళ ప్లీహం పక్క ఊరి వ్యవసాయం చేసుకునేవాళ్ళ కంటే దాదాపు 50 శాతం పెద్దదిగా ఉందని తేలింది. కొరియాలో జెజు దీవిలో హేన్యో అనే ఆడవాళ్ళున్నారు, వయసు మళ్ళినవాళ్ళు కూడా. సిలిండర్ లేకుండా దాదాపు 10 మీటర్లు దిగి, ఒక్కో నిమిషం పాటు ఊపిరి బిగబట్టి గవ్వలూ నాచూ ఏరుకొస్తారు. 2016లో యునెస్కో వాళ్ళ సంప్రదాయాన్ని తన జాబితాలో చేర్చింది. వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఎంత లోతు అన్నది కాదు. వాళ్ళు గుంపుగా వెళ్తారు, అనుభవమున్న పెద్దావిడ సముద్రాన్ని చూసి చెప్తే వింటారు.

మనకీ ఒక కథ ఉంది కదా. యుద్ధం చివర్లో దుర్యోధనుడు జలస్తంభన విద్యతో మడుగులో దాక్కున్నాడని. చివరికి ధర్మరాజు మాటలకి రోషం వచ్చి బయటికొచ్చాడు. మనకి రోషం వస్తే నీళ్ళలోకి దిగుతాం, అంతే తేడా. "నీ వల్ల కాదులే" అని ఫ్రెండ్ అనే ఆ ఒక్క మాట ఈ కొండల్లో వాగుల దగ్గర ఎంత ప్రమాదమో ఒక్కసారి ఆలోచించండి.

మరి అరకు మడుగుల్లో ఎందుకు వద్దు?

తమ్ముడి ప్రశ్నకి వద్దాం. కారణాలు వరసగా చెప్తాను.

ఒకటి, లోపల ఏముందో కనిపించదు. ఫ్రీడైవర్‌కి ముఖ్యంగా కావాల్సినవి మూడు: నిలకడగా ఉండే నీళ్ళు, పైనుంచి కిందకి కట్టిన తాడు, పైనుంచి చూసే మనిషికి మీరు కనిపించడం. వాన పడ్డాక కొండవాగులో ఇవేవీ ఉండవు. మట్టి నీళ్ళు, రాళ్ళ మధ్య సందులు, కాలు ఇరుక్కునే గుంతలు.

రెండు, జలపాతం కింద నీళ్ళు మామూలు నీళ్ళు కావు. పడే ధార గాలిని కలుపుకుని నురగ అవుతుంది. ఆ నురగలో ఒళ్ళు సరిగ్గా తేలదు. పైగా పడే నీళ్ళు కిందకి వెళ్ళి మళ్ళీ ధార వైపే సుడి తిరుగుతాయి. ఎంత ఈత వచ్చినా అది మిమ్మల్ని అక్కడే తిప్పుతుంది.

మూడు, చలి. డిసెంబర్ పొద్దున ఈ నీళ్ళలోకి ఒక్కసారిగా దూకితే మన ప్రమేయం లేకుండానే నోరు తెరుచుకుని పెద్ద ఊపిరి లోపలికి లాగుతాం. ఆ క్షణంలో తల నీళ్ళలో ఉంటే? అందుకే ఎండాకాలంలో చేసిన పందెం చలికాలంలో చేయకూడదు.

నాలుగు, ఎత్తు. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ గాలి పీడనం వైజాగ్ బీచ్‌లో ఉన్నదాంట్లో దాదాపు 90 శాతమే. అక్కడ 10 మీటర్లకి సగమయ్యే ఊపిరితిత్తులు ఇక్కడ 9 మీటర్లు దాటగానే సగమైపోతాయి. ఇందాక చెప్పిన 6 శాతం లెక్క ఇక్కడ పైకొచ్చేసరికి 5.4 అవుతుంది. పెద్ద తేడా కాదు, కానీ తేడా మనకి వ్యతిరేకంగానే ఉంది.

ఐదు, సాయం దూరం. సిగ్నల్ లేని చోట 108కి ఫోన్ చేయాలంటే ముందు గుట్ట ఎక్కాలి. మెదడుకి అంత టైమ్ ఉండదు.

ఇక్కడ టీ కొట్టు పెద్దాయన ఒక మాటన్నాడు. "బాబూ, మా పిల్లలు ఈ వాగులోనే ఈత నేర్చారు. అయినా పైన కొండ మీద మబ్బు కనిపిస్తే ఇక్కడ ఎండ కాస్తున్నా దిగనివ్వం." పైన వాన పడితే కింద వాగు నిమిషాల్లో పొంగుతుంది. గూగుల్ మ్యాప్‌లో కనిపించని సమాచారం అది.

ఇవే తూర్పు కనుమల్లో, పాపికొండల దారిలో కచ్చులూరు గుర్తుందా? 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో టూరిస్టు బోటు మునిగింది. ఆరోజు 26 మంది బతికారంటే, ముఖ్యంగా కచ్చులూరు గిరిజనులు వెంటనే తమ పడవల్లో వెళ్ళి లాగడం వల్లే. ఆ తర్వాత నేవీ వచ్చింది, ఎన్‌డీఆర్‌ఎఫ్ వచ్చింది, గజ ఈతగాళ్ళు వచ్చారు. ఆ వరదలో, ఆ బురదలో, ఆ సుడుల్లో బోటు బయటికి రావడానికి అక్టోబర్ 22 దాకా పట్టింది. కాకినాడ ధర్మాడి సత్యం బృందం తాళ్ళు, లంగర్లతో పట్టు వదలకుండా పనిచేస్తే వచ్చింది. సిలిండర్లూ సోనార్లూ ఉన్నవాళ్ళకే అంత కష్టమైన నీళ్ళు ఇవి. ఇంకోటి కూడా గమనించండి. ఆరోజు ప్రాణాలు కాపాడింది లోతుకి దిగగలిగినవాళ్ళు కాదు, పైన పడవతో దగ్గర్లో ఉన్నవాళ్ళు.

సికిల్ సెల్ సంగతి మర్చిపోవద్దు

ఇది ఫ్రీడైవింగ్ వీడియోల్లో ఎవరూ పెద్దగా చెప్పరు. కానీ ఈ కొండల్లో కూర్చుని చెప్పకపోతే తప్పవుతుంది. మన్యంలో గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ సమస్య ఉంది. ఇది వంశపారంపర్యంగా వస్తుంది. ఈ జబ్బు ఉన్నవాళ్ళకి ఆక్సిజన్ తగ్గితే గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి రక్తనాళాల్లో అడ్డం పడతాయి. విపరీతమైన నొప్పులు వస్తాయి, ప్రాణానికే ముప్పు రావచ్చు. ఊపిరి బిగబట్టడం అంటేనే కావాలని ఆక్సిజన్ తగ్గించుకోవడం. జబ్బు ఉన్నవాళ్ళు ఇది చేయకూడదు. జబ్బు లేకుండా ట్రెయిట్ మాత్రమే ఉన్నవాళ్ళు కూడా డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకూడదు.

కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. మీ దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్ష గురించి అడగండి. డైవింగ్ చేసినా చేయకపోయినా తెలుసుకోవాల్సిన విషయం ఇది, ముఖ్యంగా పెళ్ళికి ముందు. అలాగే హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. రక్తం తక్కువగా ఉందంటే బ్యాటరీయే చిన్నదని అర్థం. గుండె జబ్బు, మూర్ఛ, ఆస్తమా ఉన్నవాళ్ళు కూడా డాక్టర్ సరేనన్నాకే.

సరే, అరకులో ఏం చేయొచ్చు?

చాలా చేయొచ్చు. ఫ్రీడైవింగ్‌లో చాలా భాగం నేల మీదే నేర్చుకోవచ్చు. ఒక అపోహ మాత్రం తీసేస్తా. అరకులో ఉంటే ఎత్తు వల్ల రక్తం పెరుగుతుందని కొందరు అంటారు. అథ్లెట్లు ఆ ట్రైనింగ్ కోసం వెళ్ళేది సాధారణంగా 2000 మీటర్ల పైకి. 900 మీటర్లతో ఆ లాభం ఆశించొద్దు. ఇక్కడ దొరికేవి వేరు: ఎత్తుపల్లాల దారులు, చల్లటి గాలి, నిశ్శబ్దం. అవి చాలు.

మొదటిది, పొట్టతో ఊపిరి. వెల్లకిలా పడుకోండి. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒక చెయ్యి పొట్ట మీద. ఊపిరి తీస్తే ముందు పొట్ట లేవాలి. నాలుగు లెక్కపెడుతూ లోపలికి, ఎనిమిది లెక్కపెడుతూ బయటికి. రోజూ పది నిమిషాలు. ప్రాణాయామంలో పూరకం, కుంభకం, రేచకం అని మన పెద్దవాళ్ళు చెప్పినవి ఇవే. 1976లో ప్రపంచంలో మొదటిసారి 100 మీటర్ల లోతుకి దిగిన ఫ్రాన్స్ డైవర్ జాక్ మాయోల్ యోగా సాధన చేసినవాడే. బయట మనదాన్ని అంత శ్రద్ధగా నేర్చుకుంటుంటే, మనం ముప్ఫై ఊపిర్లు గబగబా తీసి దూకుతున్నాం.

రెండోది, నడక. వారానికి మూడు నాలుగు రోజులు ఎత్తు దారి ఎక్కండి. మాట్లాడగలిగేంత వేగంతో, ముక్కుతోనే ఊపిరి తీస్తూ. పక్కటెముకలు సాగేలా చేతులు పైకెత్తి పక్కలకి వంగే ఆసనాలు చేయండి. లోతులో ఛాతీ నలుగుతుంది కాబట్టి అది మెత్తగా సాగగలగాలి.

మూడోది, టేబుల్స్. ఇవి నేల మీద, పడుకుని, ఖాళీ కడుపుతో మాత్రమే. నీళ్ళలో కాదు, బైక్ మీద కాదు, బకెట్లో తల పెట్టి ఒంటరిగా కాదు. మీరు 2 నిమిషాలు బిగబట్టగలరు అనుకోండి. కార్బన్ డై ఆక్సైడ్ టేబుల్‌లో ప్రతిసారీ 1 నిమిషమే బిగబడతారు, ఎనిమిది సార్లు. మధ్యలో విశ్రాంతి మాత్రం 2 నిమిషాలతో మొదలై ప్రతిసారీ 15 సెకన్లు తగ్గుతుంది. దీంతో అలారం మోగుతున్నా కంగారు పడకుండా ఉండటం అలవాటవుతుంది. ఆక్సిజన్ టేబుల్‌లో విశ్రాంతి ప్రతిసారీ 2 నిమిషాలే. బిగబట్టే టైమ్ 45 సెకన్లతో మొదలై పది పది సెకన్లు పెరిగి 95 సెకన్ల దగ్గర ఆగుతుంది, అంటే మీ గరిష్ఠంలో 80 శాతం లోపే. రెండు టేబుల్స్ ఒకే రోజు చేయొద్దు. వారానికి రెండు మూడు రోజులు చాలు. తల తిరిగినా, వేళ్ళు తిమ్మిరెక్కినా ఆపేయండి.

నాలుగోది, మనసు. ఇదే అన్నిటికంటే కష్టం. కాంట్రాక్షన్ మొదలవగానే ఒళ్ళంతా బిగుసుకుంటుంది. బిగుసుకున్న కండరం ఆక్సిజన్ తింటుంది. అందుకే మొదటి కాంట్రాక్షన్ రాగానే దవడ వదలండి, తర్వాత భుజాలు, తర్వాత వేళ్ళు. మనసులో "ఇది అలారం, ప్రమాదం కాదు" అనుకోండి. అదే టైమ్‌లో రెండో మాట కూడా గుర్తుండాలి: నేల మీద ఆ మాట నిజం, నీళ్ళలో ఒంటరిగా ఉంటే అబద్ధం. ఎప్పుడు ఆపాలో తెలియడం కూడా మనోబలమే. మన మలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ళకే ఎవరెస్ట్ ఎక్కింది. కానీ అంతకుముందు భువనగిరి కొండ మీద, డార్జిలింగ్‌లో, లద్దాఖ్ చలిలో మెట్టు మెట్టుగా ట్రైనింగ్ అయ్యింది. రీల్‌లో మనకి శిఖరం ఒక్కటే కనిపిస్తుంది.

నీళ్ళలోకి ఎప్పుడు, ఎవరితో?

నేల మీద రెండు మూడు నెలలు చేశాక, సర్టిఫైడ్ ఇన్‌స్ట్రక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఐడా, ఎస్ఎస్ఐ, పాడి లాంటి అంతర్జాతీయ సంస్థల కోర్సులు ఉన్నాయి. అండమాన్ లాంటి చోట్ల నేర్పిస్తారు. ఖర్చు అవుతుంది, నిజమే. డబ్బు కూడేదాకా నేల మీద ప్రాక్టీస్ చేయండి, అది ఫ్రీ. వీడియో చూసి లోతుకి దిగడం నేర్చుకోలేరు, నా వీడియో చూసి కూడా.

అక్కడ ముందు నేర్పేది చెవుల గురించి. రెండు మూడు మీటర్లకే చెవి నొప్పి మొదలవుతుంది. ముక్కు మూసి, నాలుకతో గాలిని వెనక్కి నెట్టి చెవుల్లో ఒత్తిడి సర్దుకోవాలి. దీన్ని ఫ్రెంజెల్ అంటారు. నొప్పి వస్తే పైకి రావడమే, ఓర్చుకుని దిగితే కర్ణభేరి చిరుగుతుంది. జలుబు ఉన్నరోజు డైవ్ లేదు. మామూలు స్విమ్మింగ్ గాగుల్స్‌తో లోతుకి దిగకూడదు, ముక్కుని కూడా కప్పే మాస్క్ కావాలి.

తర్వాత బడ్డీ రూల్. ఒకరు కింద, ఒకరు పైన. ఇద్దరూ కలిసి దిగడం బడ్డీ కాదు, ఇద్దరూ కలిసి మునగడం. పైనున్న మనిషి ఫోన్ పట్టుకోడు, వీడియో తీయడు, మిమ్మల్నే చూస్తాడు. మీరు పైకొచ్చాక కూడా కనీసం 30 సెకన్లు కళ్ళు తిప్పడు. పైకి రాగానే ఊపిరి మొత్తం ఊదేయొద్దు. కొంచెం వదిలి, గబుక్కున నిండా తీసి, ఒక క్షణం ఆపి, మళ్ళీ. అలా నాలుగైదు సార్లు. ఒక్కో డైవ్ మధ్య డైవ్ టైమ్‌కి కనీసం రెట్టింపు విశ్రాంతి.

స్పృహ తప్పితే? ముఖం నీళ్ళ పైకి ఎత్తిపట్టుకోవాలి, మాస్క్ తీయాలి, ముఖం మీద ఊదాలి, చెంప తట్టాలి, పేరు పెట్టి పిలవాలి. చాలాసార్లు సెకన్లలోనే మెలకువ వస్తుంది. రాకపోతే వెంటనే నోటితో ఊపిరి అందించాలి, ఒడ్డుకి చేర్చి సీపీఆర్ చేయాలి, 108కి ఫోన్ చేయాలి. సీపీఆర్ ఒక్కటైనా ఈ నెల్లోనే నేర్చుకోండి. వాగులో ఎవరైనా మునుగుతుంటే మాత్రం వెంటనే దూకొద్దు. తాడు, చీర, పొడుగాటి కర్ర, మూత బిగించిన ఖాళీ వాటర్ క్యాన్, ఏది దొరికితే అది విసరండి.

"అన్నా, నేను ఎక్స్‌పర్ట్‌ని, నాకు బడ్డీ అక్కర్లేదు" అనేవాళ్ళకి ఒక పేరు చెప్తా. నటాలియా మోల్చనోవా. రష్యా. నీళ్ళలో కదలకుండా 9 నిమిషాల 2 సెకన్లు ఊపిరి బిగబట్టిన ఆవిడ, 101 మీటర్లు దిగిన ఆవిడ. 2015 ఆగస్టు 2న స్పెయిన్‌లో ఫోర్మెంటేరా దీవి దగ్గర డైవ్‌కి దిగింది. అది పోటీ కాదు, రికార్డు ప్రయత్నం కాదు, ఆవిడకి మామూలు లోతు. తిరిగి రాలేదు, ఎప్పటికీ దొరకలేదు. ఆవిడ కొడుకు అలెక్సీ 2023లో ఫిన్‌తో 136 మీటర్లు దిగాడు, పైన సేఫ్టీ టీమ్‌తో. ప్రపంచంలో అందరికంటే బాగా చేయగలిగిన మనిషికి కూడా ఈ ఆటలో మినహాయింపు లేదు.

టూరిస్టులకి ఒక చిన్న హెచ్చరిక

వైజాగ్ ట్రిప్ ప్లాన్ చేసేవాళ్ళు వినండి. పొద్దున సముద్రంలో సిలిండర్‌తో స్కూబా, మధ్యాహ్నం కారెక్కి అరకు. ప్లాన్ బాగుంది, ఒంటికి బాగోదు. సిలిండర్ గాలి పీల్చినప్పుడు నైట్రోజన్ ఒంట్లో కరిగి ఉంటుంది. వెంటనే ఎత్తుకి వెళ్తే పీడనం తగ్గి, సోడా మూత తీసినట్టు అది బుడగలు కట్టొచ్చు. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచన ప్రకారం 2000 అడుగులు దాటి పైకి వెళ్ళాలంటే మామూలు డైవ్ ఒక్కటే చేసినా కనీసం 12 గంటలు, ఎక్కువ డైవ్‌లు చేస్తే 18 గంటలు ఆగాలి. అరకు 2000 అడుగుల పైనే. కాబట్టి ముందు అరకు చూసుకుని, తర్వాత వైజాగ్‌లో డైవ్ చేయండి. బొంగులో చికెన్ ముందు, చేపలు తర్వాత.

ఆ తమ్ముడు ఏం చేశాడు?

మొన్న ఫోన్ చేశాడు. ఇదే విషయాలు ముక్కలు ముక్కలుగా వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పంపాను కదా, అవి విని ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాడట, చెల్లెల్ని కూడా తీసుకుని. "నాకేం లేదన్నారు అన్నా. చెల్లికి మాత్రం ట్రెయిట్ ఉందట. జాగ్రత్తలు చెప్పారు. అమ్మ కూడా చేయించుకుంటానంది." డైవింగ్ పిచ్చి ఆ ఇంటికి చేసిన మొదటి మేలు అదే.

ఇప్పుడు రోజూ పొద్దున్నే కొండ ఎక్కుతున్నాడు, ఇంట్లో చాప మీద పడుకుని టేబుల్స్ చేస్తున్నాడు. 2 నిమిషాలు కాస్తా 2 నిమిషాల 40 సెకన్లు అయ్యిందట. మడుగులో మాత్రం తల పెట్టలేదు. ఆదివారాలు ఈ చాపరాయి దగ్గరే ఒక తాడు, ఒక ఖాళీ క్యాన్ పెట్టుకుని కూర్చుంటున్నాడట, ఎవరైనా జారితే విసరడానికి. "అన్నా, మరి ముప్ఫై మీటర్లు?" అని మళ్ళీ అడిగాడు. దిగుతావురా, ఒక రోజు, తాడు ఉన్న సముద్రంలో, పైన నీ మీద కన్ను వేసిన మనిషి ఉండగా. ఆ మనిషి నేనే అవ్వడానికి నేను కూడా కోర్సు కడుతున్నా అని చెప్పా.

సో ఫ్రెండ్స్, ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకోమంటే ఇది: గబగబా ఊపిర్లు తీసి దూకొద్దు, ఒంటరిగా అసలే వద్దు. మీ గ్యాంగ్‌లో నీళ్ళంటే పడిచచ్చేవాడు ఒకడుంటాడు కదా, వాడికి ఇది పంపండి. వచ్చే వారం కలుద్దాం. ఉంటాను మరి, వర్షం వచ్చేలా ఉంది. పైన కొండ మీద మబ్బు కనిపిస్తోంది, నేను కూడా గట్టెక్కేస్తున్నా.